పసిపిల్లల బడిలో ఒక పూట: ఆ దినచర్య ఎలా ఏర్పడింది

పసిపిల్లల బడిలో పొద్దు ఒక వరసలో సాగుతుంది. వచ్చిన పిల్లలను పలకరించి లోపలికి తీసుకోవడం, చేతులూ గోళ్లూ చూడటం, గుండ్రంగా కూర్చోబెట్టి కబుర్లు చెప్పించడం, ఒక పాట, ఇష్టమైన బొమ్మలతో ఆట, ఆరుబయట పరుగులు, కథ, అన్నం, కాసేపు నిద్ర. పల్లెలోని అంగన్‌వాడీలో అయినా, పట్నంలోని మంచి నర్సరీలో అయినా ఈ వరస పెద్దగా మారదు. ఇది ఎప్పటి నుంచో ఉన్న ఏర్పాటులా అనిపిస్తుంది గానీ, ఇందులోని ఒక్కో అంశం ఒక్కో దేశంలో, ఒక్కో అవసరం కోసం పుట్టింది. సుమారు రెండు వందల ఏళ్ల కాలంలో అవన్నీ ఒక్కచోటికి చేరాయి. మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు దినచర్యే పాఠం అన్న సంగతిని పెద్దలు మెల్లమెల్లగా గ్రహించిన చరిత్ర ఇది.

వీధిబడి పొద్దు

19వ శతాబ్దం మొదట్లో తెలుగు నాట ఐదేళ్లలోపు పిల్లలకు బడి లేదు. ఆ వయసు ఇంటిది. లాలిపాట, చెమ్మచెక్క, నాయనమ్మ కథ, పెరట్లో మట్టి ఆట, ఇవే అప్పటి చదువు. ఐదో ఏట అక్షరాభ్యాసం చేశాకే పిల్లవాడు వీధిబడికి వెళ్లేవాడు. అలాంటి బడిలో రోజు ఎలా గడిచేదో బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో మద్రాసు ప్రభుత్వానికి పంపిన నివేదికలో వివరంగా రాశాడు. అప్పటి బళ్లారి జిల్లాలో 533 బడులుండేవి. వాటిలో 226 తెలుగువి, 235 కన్నడవి. చదువుకుంటున్న 6,641 మందిలో ఆడపిల్లలు 60 మందే.

అక్షరాభ్యాసం ఇంట్లోనే జరిగేది. అయ్యవారినీ బడిపిల్లలనూ పిలిచి, వినాయకుడి బొమ్మ చుట్టూ కూర్చోబెట్టి పూజ చేసి, పిల్లవాడి వేలు పట్టుకుని బియ్యంలో రాయించేవారు. మర్నాటి నుంచి బడి. తెల్లవారి ఆరింటికల్లా పాఠం మొదలయ్యేది. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారు. అతనికి పొగడ్తా లేదు, తెగడ్తా లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆలస్యం పెరిగినకొద్దీ దెబ్బలూ పెరిగేవి. కొత్తగా చేరినవారు నేల మీద ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. పై తరగతి పిల్లలు కింది తరగతి వారికి చెప్పేవారు, అయ్యవారు పెద్దవారిని చూసుకునేవారు.

ఈ పద్ధతిలోని కొంత భాగం సముద్రం దాటింది. మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి పెద్దగా పనిచేసిన ఆండ్రూ బెల్ ఇక్కడి పిల్లలు ఇసుకలో రాయడం, తోటివారికి నేర్పడం చూసి తన బడిలో అమలు చేశాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. అది మద్రాసు పద్ధతిగా ఇంగ్లండు బడులలో పాకింది. అయితే వీధిబడి దినచర్యలో పసివాడి ఒంటికి కావలసినదేదీ లేదు. ఆట బడి వదిలాక ఆడుకునేది. తిండికీ విశ్రాంతికీ ఇంటికి పోవలసిందే. ఐదేళ్లు నిండినవాడికి అది ఎలాగో సరిపోయింది. అంతకంటే చిన్నవారిని బడిలోకి తెచ్చే అవసరం మరోచోట, మిల్లుల మధ్య పుట్టింది.

మిల్లు పక్కన పసిబడి

పారిశ్రామిక విప్లవం తల్లులను ఇంటి నుంచి మిల్లుకు పిలిచింది. స్కాట్లండులోని న్యూ లానార్క్ నూలుమిల్లులో కొత్త పద్ధతులు తెచ్చిన రాబర్ట్ ఓవెన్, పదేళ్లలోపు పిల్లలను పనిలోకి తీసుకోవడం మానేశాడు. 1816 జనవరి 1న అక్కడే ఒక విద్యాలయం తెరిచాడు. నడక వచ్చిన పిల్లలను కూడా అందులో చేర్చుకున్నారు. పసివాళ్ల బాధ్యతను జేమ్స్ బుకానన్ అనే నేతపనివాడికీ, మాలీ యంగ్ అనే పదిహేడేళ్ల అమ్మాయికీ అప్పగించారు. ఓవెన్ వారికి పెట్టిన మొదటి నియమం ఇది. ఏ పిల్లనూ కొట్టకూడదు, బెదిరించకూడదు, ఎప్పుడూ ప్రసన్నంగా మాట్లాడాలి. పుస్తకాలతో పసివాళ్లను విసిగించలేదు. చుట్టూ కనిపించే వస్తువుల గురించి పిల్లలు అడిగినప్పుడు చెప్పేవారు. పాట, నాట్యం, ఎండగా ఉంటే ఆరుబయట ఆట. బడివేళలోనే ఆటకు చోటు దొరకడం అక్కడ మొదలైంది.

లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో 1820లో శామ్యూల్ విల్డర్‌స్పిన్ నడిపిన శిశుపాఠశాల మరో సమస్యను బయటపెట్టింది. మొదటి రోజు తల్లులు వదిలి వెళ్లగానే పిల్లలందరూ ఒక్కసారిగా ఏడుపు అందుకున్నారు. విల్డర్‌స్పిన్ తన భార్య పెట్టుకునే రంగురిబ్బన్ల టోపీ తెచ్చి కర్రకు తగిలించి పైకెత్తాడు. పిల్లలు దాన్ని చూస్తూ ఏడుపు మానారు. ఆ వెంటనే ఆట మొదలుపెట్టాడు. పిల్లల మనసు పట్టుకోకుండా ఏ పాఠమూ సాగదని ఆయన చాలాసార్లు రాశాడు. బడికి ఆటస్థలం తప్పనిసరి అన్నాడు. అయితే మెట్లమెట్లుగా కట్టిన గ్యాలరీ మీద పిల్లలను వరసగా కూర్చోబెట్టి అందరితో ఒకేసారి వల్లె వేయించే పద్ధతి కూడా ఆయనదే. తర్వాతి రోజుల్లో చాలా శిశుపాఠశాలలు ఆటస్థలాన్ని వదిలేసి గ్యాలరీని పట్టుకున్నాయి. ఈ పెనుగులాట పసిబడుల చరిత్రలో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

గుండ్రంగా కూర్చోవడం

జర్మనీలోని బాద్ బ్లాంకెన్‌బర్గ్‌లో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల కోసం ఒక సంస్థ పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఇప్పటి దినచర్యలో అందరికీ తెలిసిన దృశ్యం, పిల్లలు గుండ్రంగా కూర్చుని పాడటం, చేతులు పట్టుకుని తిరగడం, ఆయన బడిలోనే స్థిరపడింది. వలయంలో ముందు వరస, వెనక వరస ఉండవు. ప్రతి పిల్లా మిగతా అందరికీ కనిపిస్తుంది. ఒక్కరొక్కరుగా వచ్చిన పిల్లలు తామంతా ఒకటని తెలుసుకోవడానికి అంతకంటే సులువైన మార్గం లేదని ఫ్రోబెల్ నమ్మాడు.

వలయం తర్వాత చేతిపని. ఫ్రోబెల్ కానుకలని పిలిచిన వస్తువులను పిల్లల చేతికిచ్చేవారు. మొదట రంగురంగుల ఉన్ని బంతులు, తర్వాత చెక్కతో చేసిన గోళం, ఘనం, స్తూపం, ఆ పైన విడదీసి కలిపే చిన్న దిమ్మెలు. వాటితో పాటు కాగితం మడత, కాగితపు పట్టీల అల్లిక, బంకమట్టి బొమ్మలు. రోజులో కొంత సేపు తోటపని. ప్రతి పిల్లకూ ఒక చిన్న మడి ఉండేది. తల్లులు పసిబిడ్డలతో ఆడే వేళ్ల ఆటలనూ పాటలనూ ఆయన 1844లో పుస్తకంగా తెచ్చాడు. బడికి ముందున్న ఇంటి చదువును బడిలోకి తీసుకురావడం ఆయన చేసిన పెద్ద పని. ప్రష్యా ప్రభుత్వం 1851లో కిండర్‌గార్టెన్లను నిషేధించింది. మరుసటి ఏడాదే ఫ్రోబెల్ చనిపోయాడు. 1860లో నిషేధం ఎత్తేసే నాటికి ఆయన దగ్గర శిక్షణ పొందిన ఆడవాళ్లు ఆ పద్ధతిని ఇతర దేశాలకు తీసుకుపోయారు. పసిపిల్లల టీచరు అనే వృత్తి ఆడవాళ్లకు తెరుచుకున్నదీ ఆ కాలంలోనే.

స్నానం, తిండి, నిద్ర

లండన్‌లోని డెట్‌ఫర్డ్ పేటలో రాచెల్, మార్గరెట్ మెక్‌మిలన్ అనే అక్కచెల్లెళ్లు 1914లో ఆరుబయలు నర్సరీ తెరిచారు. ఆ పేట పిల్లలకు పేలు, గజ్జి, కాళ్లు వంకరపోయే రికెట్స్ జబ్బు మామూలు. వైద్యం చేసి పంపితే ఇంటికి పోయాక మళ్లీ అదే జబ్బు తిరగబెట్టేది. రోజంతా పిల్ల దగ్గరుంటే తప్ప ఆరోగ్యం నిలవదని అక్కచెల్లెళ్లకు అర్థమైంది. అందుకే అక్కడి దినచర్య స్నానంతో మొదలయ్యేది. శుభ్రమైన బట్టలు, పొద్దున ఆహారం, తోటలో ఆట, మధ్యాహ్నం భోజనం, ఆరుబయట చిన్న మంచాల మీద నిద్ర, ఇంటికి పోయే ముందు మళ్లీ తిండి. 1917లో రాచెల్ చనిపోయినా మార్గరెట్ ఆ బడిని నడిపింది. 1918 విద్యాచట్టం నర్సరీ బడులకు ప్రభుత్వ సాయం ఇచ్చే వీలు కల్పించింది. తిండీ నిద్రా కూడా బడి పనులేనని అంత గట్టిగా చూపిన చోటు అంతకు ముందు లేదు.

తాళం లేని బీరువా

రోమ్ నగరంలోని సాన్ లోరెంజో పేదల పేటలో 1907 జనవరి 6న మరియా మాంటిస్సోరి పిల్లల ఇల్లు మొదలైంది. పెద్దవాళ్లు కూలికి పోతే ఒంటరిగా తిరిగే పిల్లలు భవనాల గోడలు పాడుచేస్తున్నారని, వాటిని బాగుచేయించిన సంస్థే ఆ గదిని ఇచ్చింది. పిల్లలను శుభ్రంగా, వేళకు పంపాలని, తల్లులు వారానికొకసారి వచ్చి టీచరుతో మాట్లాడాలని నియమం.

పసిబడి దినచర్యలో పెద్ద మార్పు అక్కడ అనుకోకుండా వచ్చింది. ఒకరోజు టీచరు ఆలస్యంగా వచ్చేసరికి, ముందు రోజు తాళం వేయడం మరిచిన బీరువాలోంచి పిల్లలు తమకు కావలసిన సామగ్రి తీసుకుని ఎవరి పనిలో వాళ్లు మునిగిపోయి ఉన్నారు. మాంటిస్సోరి దాన్ని తప్పుగా చూడలేదు. ఏది కావాలో పిల్లలకు తెలుసు అని గుర్తించి, ఎత్తైన బీరువా బదులు పిల్లల చేతికందే అరలు పెట్టించింది. ఎంచుకోవడం, చేయడం, మళ్లీ ఉన్నచోట పెట్టడం అన్న వరస అలా ఏర్పడింది. ఇప్పటి స్వేచ్ఛా ఆట వేళకు మూలాల్లో అదొకటి.

తన పద్ధతి గురించి ఆమె రాసిన పుస్తకానికి 1912లో వచ్చిన ఇంగ్లీషు అనువాదంలో చలికాలపు కాలపట్టిక ఒకటి ఉంది. తొమ్మిదింటికి రాక, పలకరింపు, శుభ్రత పరీక్ష, గది సర్దుకోవడం, నిన్నటి సంగతులు చెప్పడం. పదింటి నుంచి ఇంద్రియాలకు పదునుపెట్టే పనులు, మధ్య మధ్య విశ్రాంతి. పదకొండింటికి తేలికపాటి వ్యాయామం, తర్వాత భోజనం. పన్నెండు నుంచి స్వేచ్ఛగా ఆట, ఒంటిగంటకు టీచరు ఆడించే ఆటలు, రెండింటికి మట్టిపని, బొమ్మలు. మూడు నుంచి నాలుగు దాకా పాటలు, మొక్కలనూ జంతువులనూ చూసుకోవడం. వందేళ్లు దాటినా ఈ పట్టిక నేటి టీచరుకు కొత్తగా తోచదు.

1939లో మాంటిస్సోరి దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానం మీద మద్రాసు అడయారుకు వచ్చింది. మొదటి శిక్షణకే దేశం నలుమూలల నుంచి సుమారు 300 మంది చేరారు. యుద్ధం వల్ల ఆమె 1946 దాకా భారతదేశంలోనే ఉండిపోయింది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పుడు మద్రాసే రాజధాని. 1955లో వేగే కోటేశ్వరమ్మ విజయవాడలో మాంటిస్సోరి పేరుతో పిల్లల బడి పెట్టారు. ఆ పేరు మీద ఎవరికీ హక్కు లేకపోవడంతో తర్వాతి కాలంలో తెలుగు పట్టణాల్లో ఎన్నో బడులు దాన్ని బోర్డు మీద రాసుకున్నాయి. చేతికందే అరలు మాత్రం కొద్ది చోట్లే కనిపించాయి.

భావనగర్ నుంచి బోర్డీ దాకా

మాంటిస్సోరి ఇండియాకు రాకముందే ఆమె పద్ధతిని ఇక్కడి నేలకు అనువుగా మలచినవాడు గిజుభాయి బధేకా. గుజరాత్‌కు చెందిన ఈ వకీలు తన కొడుకు చదువు గురించి ఆలోచిస్తూ ఆమె పుస్తకం చదివి, వకాలతు మాని, భావనగర్‌లోని దక్షిణామూర్తి సంస్థలో చేరాడు. 1920లో అక్కడ బాలమందిరం తెరిచాడు. మాంటిస్సోరి సామగ్రికి ఆయన కథనూ, జానపద గీతాన్నీ, నాటకాన్నీ జోడించాడు. కథ వినడానికి అలవాటుపడిన పిల్లలు వినడమూ నేర్చుకుంటారు, మాట్లాడటమూ నేర్చుకుంటారు అన్నది ఆయన అనుభవం. తెలుగు టీచర్లకు 'పగటి కల'గా తెలిసిన ఆయన 'దివాస్వప్న'లో ఉపాధ్యాయుడు కథతోనే తరగతిని తనవైపు తిప్పుకుంటాడు.

1923లో ఆయనతో చేరిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో గ్రామీణ బాలశిక్షణ కేంద్రం పెట్టింది. అనుతాయి వాఘ్ ఆమెకు తోడైంది. అక్కడి పసిబడి, అంటే బాలవాడి, తలుపు తెరిచి ఉంచినా పేదవాడల పిల్లలు రాలేదు. చెల్లెలిని ఎత్తుకోవాలి, మేకలు కాయాలి, ఒంటి మీద సరైన బట్ట ఉండదు. అందుకని బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకుపోయారు. ఇళ్ల మధ్య ముంగిలిలో నడిచే ఆ బడికి అంగన్‌వాడీ అని పేరు వచ్చింది. మొదట పిల్లలకు స్నానం, తలదువ్వడం, గోళ్లు తీయడం. ఆ తర్వాత ఆటాపాటా. ఖరీదైన చెక్కసామాను బదులు గింజలు, గవ్వలు, ఆకులు, మట్టి. 1957లో కేంద్రం కోస్‌బాడ్ కొండకు మారాక వార్లీ గిరిజన పిల్లలతో అదే పని సాగింది. బాలవాడి, శిశువుల సంరక్షణ గది, ప్రాథమిక పాఠశాల ఒకే ఆవరణలో ఉంటే, చెల్లెలిని చంకనేసుకొచ్చిన అక్క కూడా చదువుకోగలదని వారు చేసి చూపారు.

బాలవాడి, అంగన్‌వాడీ

స్వతంత్రం వచ్చాక ఈ పద్ధతిని ఊరూరికీ చేర్చే పనిలో ఒక తెలుగు మహిళ ముందు నిలిచింది. రాజమండ్రిలో పుట్టి, మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు. బోర్డు సాయంతో స్వచ్ఛంద సంస్థలూ మహిళామండళ్లూ గ్రామాల్లో బాలవాడీలు నడిపాయి. పాట, ఆట, కొంచెం పాలో ఉప్మానో ఇచ్చే ఆ బాలవాడీలు ఊళ్లకు కొత్త.

మీనా స్వామినాథన్ అధ్యక్షతన ఏర్పడిన అధ్యయన బృందం 1972లో ఇచ్చిన నివేదిక ఆరోగ్యాన్నీ తిండినీ చదువునూ విడివిడిగా చూడొద్దని చెప్పింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అందరూ ఐసీడీఎస్ అనేది, 33 బ్లాకుల్లో మొదలైంది. దాని కేంద్రానికి బోర్డీ వాడిన పేరే పెట్టారు. అదనపు ఆహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు పోషకాహారం గురించి చెప్పడం, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య, ఇవి ఆరు సేవలు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 55 వేలు, తెలంగాణలో సుమారు 35 వేల అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి.

ఇక్కడి పూటలో పైన చెప్పిన చరిత్ర అంతా కనిపిస్తుంది. ఆయా ఇంటింటికీ వెళ్లి పిల్లలను తీసుకొస్తుంది. టీచరు పేరుపేరునా పలకరించి చేతులు కడిగిస్తుంది. గుండ్రంగా కూర్చోబెట్టి పాట పాడిస్తుంది. పూసలు, దిమ్మెలు, చింతగింజలతో ఆట. చార్టు మీది కూరగాయల పేర్లు, రంగులు. కథ. తర్వాత వేడి అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు. భోజనమయ్యాక చాప మీద నిద్ర. 2009లో మార్చిన నిబంధనలు మూడు నుంచి ఆరేళ్ల పిల్లకు రోజుకు 500 కిలో కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల మాంసకృత్తులు అందాలని నిర్దేశించాయి. అంతకు ముందు ఇది 300 కిలో కేలరీలు. పొద్దున అల్పాహారం, మధ్యాహ్నం వేడి భోజనం అని తిండిని రెండు పూటలుగా విడదీసిందీ అప్పుడే. ఇవన్నీ చూసే టీచరు చేతిలోనే రిజిస్టర్లు, బరువు తూచడం, టీకాల రోజు, ఇంటి సందర్శనలు ఉంటాయి. ఆ పనులు పెరిగినప్పుడల్లా ఆటాపాటా వేళ కుదించుకుపోతుంది. తిండి వేళ తప్పదు, లెక్క రాయడం తప్పదు. నష్టపోయేది కథే.

వరస వెనక కారణాలు

ఈ అంశాలు ఒకదాని తర్వాత ఒకటి రావడంలో అనుభవం ఉంది. మూడేళ్ల పిల్ల ఒకే పని మీద కొద్ది నిమిషాలే నిలుస్తుంది. అందుకే కూర్చుని చేసే పని తర్వాత కదిలే ఆట, అందరూ కలిసి చేసేదాని తర్వాత ఎవరికి వారు చేసుకునేది, గోల తర్వాత నెమ్మది వస్తాయి. తల్లిని వదిలివచ్చిన పిల్ల మనసు కుదుటపడటానికి మొదటి అరగంట స్వేచ్ఛగా వదిలేయడం మంచిది. కొత్త విషయం చెప్పాలంటే పొద్దుటి పూట, ఆకలి మొదలవకముందు చెప్పాలి. కథ భోజనానికో నిద్రకో ముందు పడితే ఒళ్లు నెమ్మదిస్తుంది.

గడియారం చూడటం రాని పిల్లకు కాలం సంఘటనల్లోనే తెలుస్తుంది. పాట అయ్యాక ఆట, చేతులు కడిగాక అన్నం, నిద్ర లేచాక అమ్మ. ఈ వరస రోజూ ఒకేలా ఉంటే తర్వాత ఏం జరగబోతుందో పిల్లకు ముందే తెలుస్తుంది. బెంగ తగ్గుతుంది. మొదలు, నడుమ, చివర అనే ఊహ కలుగుతుంది. చెప్పులు వరసగా విడవడం, పళ్లెం కడుక్కోవడం, తన వంతు కోసం ఆగడం, బొమ్మను తిరిగి అరలో పెట్టడం వంటివి వేరే పాఠంగా చెప్పనక్కర్లేదు. రోజూ చేస్తుంటే వస్తాయి. మంచి టీచరు ఒక పని నుంచి మరో పనికి మారే వేళను కేకతో కాకుండా చిన్న పాటతోనో చప్పట్లతోనో నడుపుతుంది.

పీరియడ్ల ఒత్తిడి

పసిబడికి పెద్ద బడి పోలిక తెచ్చే ప్రయత్నం విల్డర్‌స్పిన్ గ్యాలరీ నాటి నుంచీ ఉంది. తెలుగు పట్టణాల్లో 1980ల తర్వాత ప్రైవేటు బడులు పెరిగాక ఎల్‌కేజీ, యూకేజీల్లో అది బలంగా కనిపించింది. బల్లల వరసలు, ఇంగ్లీషు, లెక్కల పీరియడ్లు, చేతివేళ్లు ఇంకా బలపడకముందే నాలుగు గీతల పుస్తకంలో రాత, ఇంటికి హోంవర్కు, సీటు కోసం మూడేళ్ల పిల్లకు ఇంటర్వ్యూ. 1993లో యశ్‌పాల్ కమిటీ నర్సరీ ప్రవేశాలకు పరీక్షలూ ఇంటర్వ్యూలూ తీసేయాలని సిఫారసు చేసింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రవేశాల్లో వడపోతను నిషేధించింది. అయినా ఆ చట్టం ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది ఆరేళ్లు నిండినవారికే. 2002 నాటి రాజ్యాంగ సవరణ ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణను, విద్యను ప్రభుత్వం ప్రయత్నించవలసిన విషయంగా మాత్రమే ఉంచింది.

2013లో పూర్వ బాల్య సంరక్షణ, విద్యలపై జాతీయ విధానం వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా గుర్తించింది. ఆ దశకు 2022లో వెలువడిన పాఠ్యప్రణాళిక చట్రం ఆటనే బోధనా మార్గంగా తీసుకుని, నమూనా దినచర్యలు కూడా ఇచ్చింది. స్వేచ్ఛా ఆట, వలయంలో కబుర్లు, మూలల్లో పనులు, కథ, కళ, ఆరుబయట ఆట, తిండి అందులో ఉన్నాయి. ఓవెన్, ఫ్రోబెల్, మెక్‌మిలన్ అక్కచెల్లెళ్లు, మాంటిస్సోరి, గిజుభాయి, తారాబాయి వేర్వేరు చోట్ల చేసి చూపినవి ఇప్పుడు దేశానికి ఆధారపత్రమయ్యాయి. దాన్ని గదిలో అమలు చేయాలంటే టీచరుకు శిక్షణ, రాతపని తగ్గింపు, పిల్లలు పరుగెత్తేంత స్థలం, పసివాడు త్వరగా రాయాలనే తొందరను తల్లిదండ్రులు మానుకోవడం అవసరం. ఈ నాలుగూ ఉన్న చోట పసిపిల్లల పూట సక్రమంగా నడుస్తుంది. లేని చోట ఎంత మంచి కాలపట్టిక అయినా గోడ మీది కాగితంగానే మిగులుతుంది.